మూడు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, మూడు రకాల స్కాలర్‌షిప్పులు: ఎలా తూచాలి?

ఎడిసన్_నాన్న

మా అమ్మాయి ఈ ఏడాది పన్నెండో తరగతి పూర్తి చేస్తోంది. రసాయనశాస్త్రం, చరిత్ర రెండూ కలిపి చదవాలని పట్టుబట్టి, పెద్ద విశ్వవిద్యాలయాలను పక్కన పెట్టి, సైన్సూ కళలూ కలిపి డిగ్రీ వరకు చెప్పే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకే ఎక్కువగా దరఖాస్తు చేసింది. తెనాలిలో ఉన్న మా అత్తగారు మాత్రం "ఇంత చదివించి పిల్లను బొమ్మలు వేసుకోవడానికి పంపుతున్నారా?" అని ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతూనే ఉన్నారు. ఆ సంగతి అలా ఉంచితే, మార్చి నెలాఖరుకు మూడు ఉత్తరాలు చేతికొచ్చాయి. ఒహాయోలోని కాలేజీలో ఏడాదికి మొత్తం ఖర్చు 84,000 డాలర్లు, అందులో 38,000 మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. మిన్నెసోటా కాలేజీలో ఖర్చు 82,000, స్కాలర్‌షిప్ 24,000. మూడోది న్యూ ఇంగ్లండులో పేరుమోసిన కాలేజీ. అక్కడ 91,000 ఖర్చవుతుంది, ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. ఇవి కాక మా రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు ఉంది, అక్కడైతే 40,000 లోపు అయిపోతుంది.

ఫాఫ్సా (కేంద్ర ప్రభుత్వ సాయానికి దరఖాస్తు), సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ (కొన్ని కాలేజీలు తమ సొంత సాయం కోసం అడిగే దరఖాస్తు) రెండూ నింపాక, మా ఇద్దరి జీతాలకు అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం రాదని తేలిపోయింది. అలాగని ఏటా 91,000 తీసి కట్టేంత స్థితీ మాకు లేదు. రెండేళ్లలో అబ్బాయి కూడా కాలేజీకి వస్తాడు. నేను ఒహాయో అంటున్నాను, నా భార్య మిన్నెసోటా అంటోంది, అమ్మాయి మనసు న్యూ ఇంగ్లండు మీద ఉంది. మే 1 లోపు ఏదో ఒకటి చెప్పాలి. ఇంతకీ 38,000 ఇచ్చారంటే ఆ కాలేజీ మా పిల్లను అంతగా మెచ్చిందనుకోవాలా, లేక అక్కడ చేరేవాళ్లే కరువయ్యారనుకోవాలా?

వేపచెట్టు

రెండూ కావచ్చు. ఆషాఢంలో చీరల కొట్టువాడు మీ మొహం చూసి సగం ధరకు ఇవ్వడు, అలాగని ఆ చీర చెడ్డదీ కాదు.

లెక్కల_పంతులు

ముందు అంకెలు తేల్చుకుందాం, మెచ్చుకోళ్ల సంగతి తరువాత చూడవచ్చు. ఉత్తరంలో ఉన్నది మొదటి ఏడాది లెక్క మాత్రమే. మీరు 84,000 నుంచి 38,000 తీసేసి, మిగిలిన 46,000ను నాలుగుతో గుణించి 1,84,000 అనుకుని ఉంటారు. కాలేజీ ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే నాలుగేళ్ల మొత్తం సుమారు 3,56,700 అవుతుంది. స్కాలర్‌షిప్ మాత్రం 38,000 దగ్గరే నిలిచిపోతే, మీ చేతి నుంచి వెళ్లేది 2,04,700. నాలుగో ఏడు మీరు కట్టేది 46,000 కాదు, దాదాపు 56,500. కాలేజీ తన ధరను 12 శాతం పెంచితే మీ వాటా 23 శాతం పెరుగుతుంది, ఎందుకంటే పెరిగిన ప్రతి డాలరూ మీ మీదే పడుతుంది.

ఇదే లెక్కన మిన్నెసోటా నాలుగేళ్లకు 2,52,200 అవుతుంది. అంటే రెండింటి మధ్య తేడా 47,500. న్యూ ఇంగ్లండు కాలేజీ 3,86,000 దాటుతుంది. ఇక మీరు ఆ రెండు కాలేజీలనూ అడగవలసిన మొదటి ప్రశ్న: స్కాలర్‌షిప్ నిర్ణీత మొత్తమా, లేక ట్యూషన్‌లో ఇంత శాతమా? శాతమైతే ధరతో పాటు అదీ పెరుగుతుంది.

ఎడిసన్_నాన్న

పంతులు గారూ, మీరు చెప్పిన తప్పే చేశాను, నాలుగుతో గుణించి కూర్చున్నాను. ఉత్తరాలు మళ్లీ తీసి చూస్తే రెండింటిలోనూ "ఏడాదికి ఇన్ని డాలర్లు" అనే ఉంది, శాతం మాట ఎక్కడా లేదు.

గోదారి_గట్టు

అంకెల కంటే ముందు షరతులు చూడండి. మా అబ్బాయి కథ చెబుతాను, కాలేజీ పేరు మాత్రం చెప్పను. వాడికి ఏడాదికి 22,000 ఇచ్చారు. సగటు గ్రేడు నాలుగుకు 3.3 కంటే తగ్గకూడదన్న మాట ఉత్తరం రెండో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. హైస్కూల్లో వాడికి 3.9 ఉండేది కనుక అది మాకు షరతులాగే కనిపించలేదు. రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి ప్లస్ వచ్చింది, అదే సెమిస్టరులో వాడికి కామెర్లు వచ్చి రెండు వారాలు తరగతులు పోయాయి. ఏడాది చివర 3.27 అని తేలింది. జూన్ నెలలో ఒక మెయిల్ వచ్చింది, స్కాలర్‌షిప్ ఆగిపోయింది. 0.03 తక్కువైనందుకు ఏడాదికి 22,000 పోయింది. వేడుకుంటూ రాశాము, వైద్యుడి కాగితాలు పంపాము. ఒక్క సెమిస్టరు గడువు ఇచ్చారు. వాడు ఆ గడువులో 3.31 తెచ్చుకున్నాడు కానీ, పోయిన సెమిస్టరు డబ్బు తిరిగి రాలేదు.

కాబట్టి గ్రేడు ఎంత ఉండాలో ఒక్కటే అడిగి ఊరుకోకండి. దాన్ని సెమిస్టరుకు చూస్తారా, ఏడాదికి చూస్తారా, అప్పటిదాకా వచ్చిన మొత్తం సగటు చూస్తారా. తగ్గితే గడువు ఇస్తారా. పోయినది మళ్లీ వస్తుందా అని అడగండి. నిరుడు ఈ స్కాలర్‌షిప్ తీసుకున్న మొదటి ఏడాది పిల్లల్లో ఎంతమందికి రెండో ఏడు కొనసాగిందో కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే. మీ అమ్మాయిది కూడా రసాయనశాస్త్రమే అంటున్నారు కనుక ఇంత వివరంగా రాశాను.

బోస్టన్_బాబాయి

ఈ లెక్కలన్నీ సరే గాని, అమ్మాయి కోరుకున్న కాలేజీని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆంహర్స్ట్, విలియమ్స్, బౌడన్, వెల్స్‌లీ వంటి కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవంటే అక్కడ చేరే పిల్లలందరూ ప్రతిభావంతులే కనుక ఇవ్వవు. ఆ పేరు జీవితాంతం వెంట ఉంటుంది. మన వాళ్లు ఇంటి కోసం ఐదు లక్షలు అప్పు చేస్తారు, పిల్ల చదువు దగ్గరికి వచ్చేసరికి కూరగాయల బేరం మొదలు పెడతారు.

లెక్కల_పంతులు

ఇంటిని కావాలంటే అమ్ముకోవచ్చు బాబాయి గారూ, డిగ్రీని అమ్ముకోలేము.

చదువరి_చికాగో

బాబాయి గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ కాలేజీలు తమ సాయమంతా కుటుంబ అవసరాన్ని బట్టే ఇస్తాయి. ఆదాయం తక్కువున్న ఇంటికి మన దగ్గరి ప్రభుత్వ విశ్వవిద్యాలయం కంటే విలియమ్స్ చవకగా పడే సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ ఎడిసన్ నాన్న గారి కుటుంబం మధ్యలో ఇరుక్కున్న కుటుంబం. ఆ కాలేజీల దృష్టిలో వారికి అవసరం లేదు కాబట్టి పూర్తి ధర కట్టాలి. వారి వంటి వాళ్ల కోసమే తరువాతి వరస కాలేజీలు మెరిట్ పేరుతో ధర తగ్గిస్తాయి. ఓబర్లిన్, కెన్యన్, డెనిసన్, వూస్టర్, గ్రినెల్, మెకాలెస్టర్, మౌంట్ హోల్యోక్ అన్నీ ఈ పని చేసేవే, అన్నీ మంచి కాలేజీలే. పూర్తి ధర కట్టగలిగీ వెనకాడే కుటుంబాన్ని 25,000 తగ్గించి రప్పించుకున్నా కాలేజీకి లాభమే. ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది పిల్లలకు ట్యూషన్‌లో సగటున సగానికి పైగా తగ్గిస్తున్నాయని, కళాశాలల వ్యాపార అధికారుల సంఘమైన నాకుబో ఏటా వేసే లెక్కలు చెబుతున్నాయి. కనుక వేపచెట్టు గారి ఆషాఢం పోలిక హాస్యానికి చెప్పినా అక్షరాలా సరిపోతుంది.

మీ పిల్లకు ఇచ్చింది ఎక్కువో తక్కువో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ప్రతి కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని చేర్చి వెతకండి, ఒక పొడవాటి పత్రం దొరుకుతుంది. అందులో హెచ్ విభాగంలో హెచ్2ఎ అనే పట్టిక ఉంటుంది. అవసరం లేకపోయినా స్కాలర్‌షిప్ పొందిన పిల్లలు ఎంతమంది, వాళ్లకు సగటున ఎంత ఇచ్చారు అన్నది అక్కడ కనిపిస్తుంది. సగటు 36,000 ఉన్న చోట మీకు 38,000 వస్తే అది ఆ కాలేజీలో అందరికీ ఇచ్చే ధర. సగటు 17,000 ఉన్న చోట 24,000 వస్తే నిజంగా మీ పిల్లను కోరి పిలుస్తున్నారన్న మాట.

ఎడిసన్_నాన్న

ఇప్పుడే వెతికాను. ఒహాయో కాలేజీలో అవసరం లేని పిల్లల్లో దాదాపు అందరికీ ఏదో ఒక స్కాలర్‌షిప్ ఉంది, మా అమ్మాయిది సగటు కంటే కొద్దిగా ఎక్కువ. మిన్నెసోటాలో సగటు 18,000 ఉంది. మా ఆవిడకు ఈ పట్టిక చూపించడం నా వాదానికి మంచిది కాదనిపిస్తోంది.

వేపచెట్టు

చూపించకపోయినా కనిపెడతారు. ఇప్పటికే ఈ చర్చ చదువుతూ ఉండవచ్చు.

హెచ్4_అమ్మ

మా వాడు నిరుడు చేరాడు, మాది ఇంకా హెచ్-1 వీసా, గ్రీన్ కార్డు వరసలో ఉన్నాము. మాలాంటి వాళ్లు చదువుతుంటే వారి కోసం రెండు మాటలు. హెచ్-4 (హెచ్-1 వారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫాఫ్సా ద్వారా వచ్చే కేంద్ర ప్రభుత్వ సాయం ఏదీ రాదు, అందువల్ల మాకు మెరిట్ స్కాలర్‌షిప్పే దిక్కు. మాకు వచ్చిన ఒక ఉత్తరంలో "వర్క్ స్టడీ 2,500" అని రాసి, దాన్ని కూడా స్కాలర్‌షిప్పుతో కలిపి, ఖర్చులోంచి తీసేసి చూపించారు. అది కేంద్రం డబ్బుతో నడిచే పథకం, మా వాడికి వర్తించదు. ఒకవేళ వర్తించినా, అది పిల్లవాడు గంటల లెక్కన పని చేసి సంపాదించుకునే జీతమే గాని తగ్గింపు కాదు. ఫోను చేసి అడిగితే పొరపాటన్నారు.

రెండోది, 21 నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారాలి. అప్పుడు పిల్లవాణ్ణి విదేశీ విద్యార్థిగా లెక్కగట్టినా స్కాలర్‌షిప్ అలాగే కొనసాగుతుందా అని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. మేము అడిగిన ఐదు కాలేజీల్లో నాలుగు "కొనసాగుతుంది" అని రాసి ఇచ్చాయి. ఐదోది "అప్పుడు పరిశీలిస్తాము" అంది. దాన్ని ఆ రోజే జాబితాలోంచి తీసేశాము.

అట్లాంటా_ఆవకాయ

జార్జియాలో ఉన్న వారికి మాత్రం ఇంకో మాట. రాష్ట్రం ఇచ్చే హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్పులు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకే అనుకుంటారు చాలామంది. డెకేటర్‌లోని ఆగ్నెస్ స్కాట్ వంటి అర్హత గల ప్రైవేటు కాలేజీలకు కూడా అవి ఒక నిర్ణీత మొత్తం మేరకు వర్తిస్తాయి. న్యూజెర్సీలోని ఎడిసన్ వారికి ఉపయోగం లేదని తెలుసు, చూసేవాళ్లు చూసుకుంటారని రాశాను.

కూకట్‌పల్లి_నుంచి

ఇక్కడి నుంచి పంపేవాళ్ల బాధ వేరు. మా అమ్మాయికి పెన్సిల్వేనియాలో సగానికి పైగా స్కాలర్‌షిప్ వచ్చింది. మిగిలిన సగానికి మొదటి ఏడాది డబ్బు చూపిస్తేనే వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇస్తారు, నాలుగేళ్ల డబ్బు చూపించమని కాలేజీ అడగదు కాబట్టి మనం కూడా అడుగు ముందుకే వేస్తాము. పంతులు గారు చెప్పిన పెరుగుదలకు తోడు డాలరుతో రూపాయి విలువ పడిపోవడం కూడా కలిస్తే నాలుగో ఏడు ఎంతవుతుందో లెక్క వేసి, ఆ రాత్రి నిద్ర పోలేదు. చివరికి ఆ కాలేజీ వద్దనుకున్నాము.

మూడో_ఏడు

మెరిట్ స్కాలర్‌షిప్ మీదే ఒక మధ్య పశ్చిమ రాష్ట్రపు కాలేజీలో రసాయనశాస్త్రం మూడో ఏడు చదువుతున్నాను. పెద్దవాళ్ల చర్చలో దూరుతున్నందుకు మన్నించండి. నేను కూడా ఒకప్పుడు పెద్ద పేరున్న కాలేజీని వదులుకుని ఏడ్చిన దాన్నే.

నేను చదివిన వాటిలో అన్నిటికంటే పెద్ద క్లాసులో 34 మంది ఉండేవాళ్లము, ఇప్పుడు ఒక క్లాసులో తొమ్మిది మందిమి ఉన్నాము. ఇలాంటి కాలేజీల్లో పరిశోధక విద్యార్థులు ఉండరు కాబట్టి పరికరాలన్నీ మా చేతికే వస్తాయి. రెండో ఏడు చలికాలంలో రాత్రి పదకొండింటికి, పదార్థంలో ఏముందో చూపే ఎన్.ఎం.ఆర్. యంత్రం ముందు ఒక్కదాన్నే కూర్చుని, నేను తయారు చేసిన పదార్థంలో నీళ్లు మిగిలిపోయాయని గ్రాఫులో ఒక లావుపాటి గీత చూసి కనిపెట్టాను. పెద్ద విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా అక్క ఆ యంత్రాన్ని గాజు తలుపు బయటి నుంచే చూసిందట. కాబట్టి మీ అమ్మాయిని రెండు కాలేజీల రసాయనశాస్త్ర విభాగాలకూ నేరుగా రాయమనండి. వేసవిలో పరిశోధనకు ఎంతమంది పిల్లలను తీసుకుంటారు, దానికి జీతం ఇస్తారా, విభాగానికి అమెరికన్ కెమికల్ సొసైటీ ఆమోదం ఉందా అని అడగమనండి.

ఖర్చు గురించి ఒక మాట. ఇలాంటి కాలేజీల్లో చాలా వాటిలో నాలుగేళ్లూ హాస్టల్లోనే ఉండాలి, భోజనం కూడా అక్కడే తినాలి. రెండో ఏడు నుంచి బయట గది తీసుకుని, వండుకుని తగ్గించుకుందామనుకుంటే కుదరదు. శాకాహారం విషయం అడగకండి, నేను రెండేళ్లుగా శనగలతో బతుకుతున్నాను.

గోదారి_గట్టు

అమ్మా, మీకు గ్రేడు షరతు ఎంత పెట్టారు?

మూడో_ఏడు

3.0, అది కూడా మొత్తం సగటు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో నాకూ బి మైనస్ వచ్చింది, చరిత్ర క్లాసు నన్ను ఒడ్డున పడేసింది. నాకు తెలిసి మా బ్యాచిలో స్కాలర్‌షిప్ పోయినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ క్లాసులకే రానివాళ్లు.

చదువరి_చికాగో

కాలేజీ ఆరోగ్యం కూడా చూడవలసినదే, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అలబామాలో 1856 నుంచి నడిచిన బర్మింగ్‌హామ్ సదరన్ కాలేజీ 2024 మే 31న మూతపడింది. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నాటి వెల్స్ కాలేజీ కూడా అదే ఏడాది, సెమిస్టరు ముగిసే ముందు కొద్ది వారాల వ్యవధిలోనే చెప్పి మూసేసింది. వర్జీనియాలో స్వీట్ బ్రయర్ 2015లో మూసేస్తామని ప్రకటిస్తే పూర్వ విద్యార్థినులు చందాలు వేసుకుని, కోర్టుకు వెళ్లి నిలబెట్టుకున్నారు. తగ్గింపు భారీగా ఇచ్చే కాలేజీలన్నీ మునిగిపోతున్నాయని కాదు. కానీ మూలనిధి చిన్నదై, ఏటా చేరే పిల్లల సంఖ్య తగ్గుతూ, తగ్గింపు మాత్రం పెరుగుతూ ఉంటే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందని అడగాలి. చేరికల సంఖ్య కామన్ డేటా సెట్‌లోనే ఉంటుంది, ఐదేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. ఆదాయ వ్యయాలు కాలేజీ ఏటా దాఖలు చేసే ఫారం 990లో ఉంటాయి, అది ఎవరైనా చూడవచ్చు.

బోస్టన్_బాబాయి

చూశారా, అందుకే పేరున్న కాలేజీ అన్నాను. ఆంహర్స్ట్ మూతపడదు.

లెక్కల_పంతులు

గ్రినెల్ కూడా మూతపడదు, దాని మూలనిధి వందల కోట్ల డాలర్లలో ఉంది, అయినా మెరిట్ ఇస్తుంది. మూతపడేవాటికీ ఆంహర్స్ట్‌కూ మధ్యలో చాలా కాలేజీలు ఉన్నాయి.

ఇంకో సంగతి, అప్పు చేసి న్యూ ఇంగ్లండుకు పంపుదామన్నా ఇప్పుడు అంత సులువు కాదు. విద్యార్థి పేరు మీద కేంద్రం ఇచ్చే అప్పు నాలుగేళ్లకు కలిపి 27,000 దాటదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పుకు ఇదివరకు కాలేజీ ఖర్చు ఎంతైతే అంత దాకా హద్దు ఉండేది. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 అని చట్టం హద్దు పెట్టింది. ఆ పైన కావాలంటే ప్రైవేటు బ్యాంకుల దగ్గరికి వెళ్లాలి.

పన్నుల సంగతి కూడా చెప్పేస్తాను. స్కాలర్‌షిప్పులో ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకు సరిపోయే భాగానికి పన్ను లేదు. గదికి, భోజనానికి వెళ్లే భాగం పిల్ల ఆదాయం కిందికి వస్తుంది. మీ 38,000 ట్యూషన్‌లోనే ఇమిడిపోతుంది కాబట్టి మీకు బెంగ లేదు. చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే 529 ఖాతాలో ఎక్కువ దాచుకున్నవారు స్కాలర్‌షిప్ ఎంత వచ్చిందో అంత మేరకు 10 శాతం జరిమానా లేకుండా బయటికి తీసుకోవచ్చు, లాభం మీద పన్ను మాత్రం కట్టాలి.

హెచ్4_అమ్మ

రెండేళ్లలో అబ్బాయి కూడా వస్తాడన్నారు కదా. 2024-25 నుంచి ఫాఫ్సాలో ఇంట్లో ఎంతమంది కాలేజీలో ఉన్నారన్నది లెక్కలోకి రావడం లేదు. సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అడిగే కాలేజీల్లో మాత్రం కొన్ని ఇప్పటికీ ఇద్దరు పిల్లలుంటే కొంత సాయం కలుపుతాయి. న్యూ ఇంగ్లండు కాలేజీని ఆ ఒక్క మాట అడిగి చూడండి, మూడో ఏడు నుంచి అక్కడి లెక్క మారవచ్చు.

వేపచెట్టు

ఇంతమంది ఇన్ని చెప్పారు గాని, అసలు పని ఎవరూ చెప్పలేదు. మిన్నెసోటా వాళ్లను ఇంకొంచెం ఇమ్మని అడగండి.

ఎడిసన్_నాన్న

ఇచ్చినదానికి సంతోషించకుండా మళ్లీ అడిగితే పిల్ల మీద చెడు అభిప్రాయం కలుగుతుందేమో అని సందేహిస్తున్నాను. సీటు వెనక్కి తీసుకుంటే?

గోదారి_గట్టు

మర్యాదగా అడిగినందుకు సీటు వెనక్కి తీసుకున్న కాలేజీని నేను చూడలేదు. ఏప్రిల్ నెలంతా వాళ్లు ఈ ఉత్తరాలే చదువుతూ ఉంటారు. అయితే రైతుబజారు బేరంలా "వాళ్లు అంతిచ్చారు, మీరెంతిస్తారు" అని రాయకూడదు, మీరు రాయకూడదు కూడా. అమ్మాయే రాయాలి. మా చిన్నవాడు రాసినది నాలుగు వాక్యాలు: మీ కాలేజీయే నా మొదటి ఎంపిక; ఫలానా ప్రొఫెసరు దగ్గర ఫలానా విషయం చదవాలని ఉంది; మరో కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం జత చేస్తున్నాను; రెండింటి మధ్య తేడా మా ఇంటికి భారంగా ఉంది, పునఃపరిశీలించే వీలుందా? పది రోజులకు ఏడాదికి 4,000 పెంచి రాశారు. "మొదటి ఎంపిక" అన్న మాట నిజమైతేనే రాయండి. పెంచాక చేరకపోతే అది మాట తప్పినట్టవుతుంది, అదే స్కూలు నుంచి వచ్చే ఏడాది దరఖాస్తు చేసే పిల్లల మీద కూడా ఆ ప్రభావం పడవచ్చు.

చదువరి_చికాగో

మెరిట్ అసలే ఇవ్వని కాలేజీకి మాత్రం ఈ ఉత్తరం రాయకండి, జవాబు ముందే తెలుసు. అక్కడ ఆదాయం తగ్గడం, వైద్య ఖర్చు, ఇండియాలో తల్లిదండ్రులను పోషించడం వంటి మారిన పరిస్థితులకే విలువ ఉంటుంది.

ఎడిసన్_నాన్న

ఇండియాకు నెలనెలా పంపే డబ్బు కూడా చెప్పుకోవచ్చా? మేము ఎక్కడా రాయలేదు.

చదువరి_చికాగో

సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ చివర ప్రత్యేక పరిస్థితులు రాసుకునే చోటు ఉంది, అక్కడ రాయవలసింది. ఇప్పుడైనా ఆర్థిక సాయ కార్యాలయానికి బ్యాంకు రసీదులతో పంపి చూడండి. లెక్కలోకి తీసుకోవడం వాళ్ల ఇష్టం.

ఎడిసన్_నాన్న

రెండు వారాల తరువాత తిరిగి వచ్చి రాస్తున్నాను, సలహాలు ఇచ్చిన అందరికీ ఫలితం చెప్పడం న్యాయం.

న్యూ ఇంగ్లండు కాలేజీకి మా అమ్మానాన్నలకు పంపే డబ్బు రసీదులు పంపాము. మర్యాదగానే లేదన్నారు, అబ్బాయి చేరిన ఏడాది మళ్లీ దరఖాస్తు చేయమన్నారు, హామీ మాత్రం ఇవ్వలేదు. ఆ మెయిల్ చదివాక అమ్మాయి ఒక పూట గది తలుపు వేసుకుంది, సాయంత్రం తానే బయటికి వచ్చి పంతులు గారి లెక్క కాగితం అడిగింది. ఒహాయో వాళ్లు గ్రేడు షరతు 3.2 అని, ఏడాది చివర చూస్తామని, ఒక్కసారి గడువు ఇస్తామని రాశారు. ఎంతమందికి కొనసాగిందన్న ప్రశ్నకు "చాలామందికి" అన్నారు, రెండోసారి అడిగినా అదే మాట. మిన్నెసోటాలో షరతు 2.75, అంకె అడిగితే అంకే చెప్పారు. అమ్మాయి నాలుగు వాక్యాల ఉత్తరం తానే రాసింది, నన్ను చూడనివ్వలేదు. వాళ్లు ఏడాదికి 6,000 పెంచారు.

అంటే 47,500 తేడా ఇప్పుడు 23,500కు దిగింది. రసాయనశాస్త్ర విభాగం నుంచి ఒక ప్రొఫెసరు అరగంట వీడియోలో మాట్లాడారు, చరిత్ర కూడా చదువుతానంటే పాత రంగుల రసాయనం మీద తన దగ్గర ఒక విద్యార్థి పని చేస్తున్నాడని చెప్పారు. ఆ తరువాత మా ఇంట్లో చర్చ పెద్దగా జరగలేదు. నిన్న రాత్రి మిన్నెసోటాకు డిపాజిట్ కట్టాము, మిగతా మూడు చోట్లకూ తాను రావడం లేదని అమ్మాయి మెయిళ్లు పంపింది. ఏడాదికి 5,900 చొప్పున నేను వేరే ఎక్కడ తగ్గించుకోవాలో చూస్తున్నాను, కారు మార్చడం ప్రస్తుతానికి మానుకున్నాను.

బోస్టన్_బాబాయి

మిన్నెసోటాలో చలి సంగతి అమ్మాయికి ఎవరైనా చెప్పారా?

మూడో_ఏడు

బాబాయి గారూ, బోస్టన్ నుంచి ఆ మాట మీరు అనకూడదు. ఎడిసన్ నాన్న గారూ, మంచి కోటు అక్టోబరులో కాకుండా ఇప్పుడే కొనండి, వసంతంలో సగం ధరకు ఇస్తారు.

వేపచెట్టు

అత్తగారికి ఏమని చెప్పారు?

ఎడిసన్_నాన్న

రంగుల రసాయనం అని చెప్పాము. "నేను ముందే అన్నాను కదా బొమ్మలని" అన్నారు.

హెచ్4_అమ్మ

మీరు వేసిన లెక్కల పట్టిక ఇక్కడ పెట్టగలరా? వచ్చే ఏడాది మా చెల్లెలి కొడుకు వంతు.